ఫుల్ స్టాక్ కోర్సుకి ఫీజు కట్టే ముందు ఇది ఒకసారి చదువు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గాజువాకలో ఉంటున్నావు, మెకానికల్‌లో బీటెక్ అయిపోయింది. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల ఫుల్ స్టాక్ (వెబ్‌సైటులో కంటికి కనబడే భాగం, వెనకాల సర్వరు భాగం రెండూ నేర్పే) కోర్సులో చేరమంటున్నారు. నీ ఫ్రెండేమో వెబ్ డెవలప్‌మెంట్ పనైపోయింది, అంతా ఏఐ రాసేస్తుంది అంటున్నాడు. రియాక్ట్‌తో (వెబ్ పేజీల స్క్రీన్లు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) మొదలుపెట్టాలా, ఇంకేమైనా ముందుందా, అసలు ఇందులోకి రావాలా వద్దా అని అడిగావు.

నేను 2006 నుంచి ఈ పనిలోనే ఉన్నాను. సిరిపురంలో ఒక చిన్న ఆఫీసులో పీహెచ్‌పీ అనే సర్వరు భాషతో మొదలుపెట్టి, కొన్నేళ్లు హైదరాబాద్‌లో చేసి, మళ్లీ వైజాగ్ వచ్చేశాను. రుషికొండలో ఉద్యోగం చేశాను, ఇప్పుడు మధురవాడలో ముగ్గురం కలిసి సొంతంగా చేసుకుంటున్నాం. రావాలా వద్దా అంటే, రా. కానీ రియాక్ట్‌తో మొదలుపెట్టి మాత్రం రాకు. ఎందుకంటున్నానో చెప్పాలంటే ఒక పని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

2019లో ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీ యజమాని పిలిచాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం కదా. 61 రోజులు ఒడ్డున ఉన్న బోట్లన్నీ ఆ చివరి రెండు మూడు రోజుల్లోనే డీజిలు, ఐసు, బియ్యం, నీళ్లు ఎక్కించుకుంటాయి. ఆ వారం గుమాస్తా చెవి నుంచి ఫోను దిగదు. ఎవరు ఎన్ని దిమ్మలు చెప్పారో, ఎవరిది ముందో గొడవలైపోతాయి. "బోటు నంబరు కొట్టి, ఎన్ని దిమ్మలు, ఏ వేళకి కావాలో కొడితే మాకు వచ్చేయాలి. అంతే బాబూ" అన్నాడాయన.

అప్పట్లో నేను రియాక్ట్ మీద మంచి ఊపులో ఉన్నాను. ఆయన అడిగింది మూడు గడుల కాగితం. నేను చేసి ఇచ్చింది లాగిన్, డాష్‌బోర్డు, గ్రాఫులు, కదిలే ఐకాన్లు. రుషికొండ ఆఫీసు వైఫైలో నా ల్యాప్‌టాప్ మీద రెప్పపాటులో తెరుచుకునేది. బ్రౌజరులో నడిచే ప్రోగ్రాం, అంటే జావాస్క్రిప్ట్, మొత్తం కలిపి 1.6 ఎంబీ. ఆ అంకె నా స్క్రీన్ మీద రోజూ కనబడుతూనే ఉండేది.

జూన్ 12 తెల్లవారుజామున మూడున్నరకి యజమాని ఫోన్ చేశాడు, ఎవరికీ తెరుచుకోవడం లేదని. బండేసుకుని హార్బర్‌కి వెళ్లాను. జెట్టీ మీద లైట్ల కింద ఒక బోటు డ్రైవరు ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తడవకుండా ఫోన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేశాడు. కవరు లోపల ఆవిరి పట్టింది. వేలిని లుంగీకి తుడుచుకుంటాడు, నొక్కుతాడు, మళ్లీ తుడుచుకుంటాడు. నాకు స్క్రీన్ చూపించి, "ఏటి బాబూ ఇది, తెల్ల కాయితం నాగ ఉండిపోనాది" అన్నాడు.

నిజమే, తెల్ల కాగితమే. ఎందుకంటే నేను పంపిన హెచ్‌టీఎంఎల్‌లో, అంటే పేజీలో ఏముండాలో రాసే ఫైల్లో, ఏమీ లేదు. డివ్ అనే ఖాళీ డబ్బా ఒకటి, దాని కింద ఆ జావాస్క్రిప్ట్‌ని పిలిచే ఒక స్క్రిప్టు ట్యాగు. ఆ 1.6 ఎంబీ దిగి, ఆ చిన్న ఫోను దాన్నంతా చదువుకుని, నడిపి, అప్పుడు మొదటి అక్షరం గీయాలి. అక్కడ వందలమంది ఒకే టవరు మీద ఉన్నారు. సెకనుకు 200 కిలోబిట్లు అందుతుంటే అది దిగడానికే నిమిషం దాటుతుంది. మధ్యలో సిగ్నల్ పోతే మళ్లీ మొదటికి. తెరుచుకున్న ఒకరిద్దరికి కూడా బటన్లు చిన్నవి, తడి వేలికి అందట్లేదు.

ఆ రోజే ఇంటికొచ్చి మొత్తం పక్కన పెట్టేసి మళ్లీ రాశాను. ఒక హెచ్‌టీఎంఎల్ ఫారం. బోటు నంబరు, ఎన్ని దిమ్మలు, ఏ వేళకి కావాలి. వెనకాల పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. జావాస్క్రిప్ట్ ఒక్క లైను కూడా లేదు. దిమ్మల గడిలో వేలు పెట్టగానే అంకెల కీప్యాడ్ రావడానికి ఇన్‌పుట్‌మోడ్ అనే ఒక్క అట్రిబ్యూట్ చాలు. బటన్ వెడల్పు స్క్రీనంత. పేజీ మొత్తం 11 కేబీ అయింది.

ఆ 11 కేబీకి ఒక విలువ ఉంది, అది తెలుసుకో. సర్వరు కొత్త కనెక్షన్ మీద ఒకేసారి ఉన్న డేటా అంతా కుమ్మరించదు. మామూలుగా మొదటి విడతలో పది ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపి, అందాయని ఫోను చెప్పాకే తర్వాతి విడత పెంచి పంపుతుంది. ఒక్కో ప్యాకెట్‌లో దాదాపు 1,460 బైట్లు పడతాయి కాబట్టి మొదటి విడత సుమారు 14 కేబీ. పేజీ ఆ లోపల ఉంటే ఒక్క విడతలోనే మొత్తం చేరిపోతుంది. సిగ్నల్ బాగోని చోట ప్రతి రానూపోనూ ప్రయాణానికీ అర సెకనో సెకనో పడుతుంది, మరి ఆరేడు విడతలంటే ఆలోచించు. కొత్తగా చేరే పిల్లల్ని అడిగితే రియాక్ట్ లోపల వాడే వర్చువల్ డామ్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడతారు గానీ ఈ మాట ఎవరూ చెప్పరు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకెవరూ చెప్పలేదు.

పేజీ తెరుచుకుంది. మర్నాటి రాత్రి ఇంకో గొడవ. ఒక బోటుకి 80 దిమ్మలు రెండుసార్లు పడ్డాయి. లోడు వెళ్లాక సగం దిమ్మలు దించుకోమని డ్రైవరు, నువ్వు చెప్పిందే వేశామని ఫ్యాక్టరీ వాళ్లు. మాట్లాడుతూ ఉండగానే ఐసు కరిగిపోతోంది. ఆయన్ని అడిగితే, "నొక్కితే ఏటీ రానేదు కదా, అందుకే మళ్లీ నొక్కీసినాను" అన్నాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. మొదటిసారి నొక్కినప్పుడు ఆర్డరు సర్వరుకి చేరింది, అందిందన్న జవాబు తిరిగి వచ్చేలోగా సిగ్నల్ పోయింది. ఆయనకి చేరనట్టే కనబడింది.

దీనికి నేను చేసింది ఇది. సర్వరు నుంచి ఫారాన్ని ఫోనుకి పంపేటప్పుడే అందులో కనబడని ఒక గడిలో, దేనితోనూ కలవని ఒక నంబరు పెట్టి పంపుతాను. డేటాబేస్‌లో ఆ నంబరు రెండోసారి రాకూడదని యూనిక్ నియమం పెట్టాను. అదే ఫారం రెండుసార్లు వస్తే కొత్త ఆర్డరు పడదు, మొదటి ఆర్డరు రసీదే మళ్లీ చూపిస్తుంది. ఆర్డరు తీసుకున్న వెంటనే బ్రౌజరుని రసీదు పేజీకి మళ్లిస్తాను (దీన్నే 303 రీడైరెక్ట్ అంటారు), అప్పుడు రిఫ్రెష్ కొట్టినా ఆర్డరు మళ్లీ వెళ్లదు. ఇదేమీ కొత్త విద్య కాదు. బ్రౌజరు సర్వరుని అడిగే పద్ధతుల్లో గెట్ అంటే చూడటానికి, ఎన్నిసార్లు అడిగినా ఏమీ మారకూడదు. పోస్ట్ అంటే మార్చడానికి, కాబట్టి రెండుసార్లు వస్తే ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి. బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే నియమాల్లో, అంటే హెచ్‌టీటీపీలో, మొదటి పాఠం ఇది. రేపు నువ్వు పేమెంట్ గేట్‌వే కలిపినా, హాస్పిటల్ అపాయింట్‌మెంట్ పెట్టినా, బస్సు టికెట్ కట్టినా ఈ సమస్యే ఎదురవుతుంది. ఐసు బదులు అక్కడ డబ్బు ఉంటుంది, అంతే తేడా.

ఇంకొకటి, ఇది మన భాష సంగతి. బటన్ మీద "ఆర్డర్ చేయండి" అని రాశాను. ఫ్యాక్టరీ గుమాస్తా చూసి "ఆరర్ చేయండి అంటే ఏంటండీ" అన్నాడు. ఫోను తీసుకుని చూస్తే, కింద ఉండాల్సిన డ వత్తు కోసుకుపోయింది. బటన్‌కి నేను కచ్చితమైన ఎత్తు ఇచ్చి, లైన్‌హైట్ (వరుస ఎత్తు) 1 పెట్టి, బయటికి వచ్చింది కనబడకుండా దాచమని రాశాను. ఇంగ్లిష్ అక్షరానికి ఆ ఎత్తు సరిపోతుంది. మన లిపికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులు ఉంటాయి. తెలుగు పేజీకి లైన్‌హైట్ 1.6కి తక్కువ కాకుండా పెట్టు, బటన్లకి ఎత్తు కొలిచి ఇవ్వకుండా ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇచ్చి వదిలెయ్. టెస్ట్ చేసేటప్పుడు "అమ్మ", "ఇల్లు" లాంటి మాటలతో సరిపెట్టకు. "స్త్రీ", "రాష్ట్రం", "శాస్త్రి" పెట్టి చూడు, రెండు వత్తులు ఉన్నచోటే తెగుతుంది.

అక్షరాల లెక్క కూడా జాగ్రత్త. "విశాఖపట్నం" మన లెక్కలో ఐదక్షరాలు. జావాస్క్రిప్ట్‌లో దాని లెంగ్త్ అడిగితే 10 అంటుంది, ఎందుకంటే గుణింతం గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. కంప్యూటర్లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికీ మూడు బైట్లు, అంటే 30. ఎవరైనా పేరు గడికి 20 బైట్ల హద్దు పెడితే "అప్పలనర్సమ్మ" పట్టదు. నిజంగానే నేను ఒక పాత డేటాబేస్‌లో సగానికి తెగిన పేర్లు వందల కొద్దీ చూశాను. ఎస్సెమ్మెస్ కూడా అంతే. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగు పెడితే 70 మాత్రమే. రసీదు ఎస్సెమ్మెస్ తెలుగులో రాసినప్పుడు ముందు రెండు మెసేజ్‌లుగా వెళ్లి డబుల్ ఖర్చయింది. మాటలు కుదించి 70 లోపలికి తెచ్చాను.

వెతకడంలో ఇంకో చిక్కు ఉంటుంది. "రామ్‌నగర్" అని టైప్ చేసేటప్పుడు మ కింద న వత్తు పడకుండా మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం చేరుతుంది. ఒకరు దాంతో కొడతారు, ఒకరు లేకుండా కొడతారు. డేటాబేస్‌కి అవి రెండు వేరే మాటలు. వెతికే ముందు రెండు వైపులా దాన్ని తీసేసి పోల్చాలి. పేజీతో పాటు దిగే తెలుగు వెబ్‌ఫాంటు విషయానికొస్తే, అవసరం లేకపోతే వద్దు. మన సంయుక్తాక్షరాలన్నీ మోసుకొచ్చే ఫాంటు ఫైలు ఇంగ్లిష్ ఫాంటు కన్నా చాలా బరువు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ఎలాగూ ఉంటుంది.

ఇప్పుడు రియాక్ట్ దగ్గరికి వస్తాను. రియాక్ట్ చెడ్డదని నేను అనను. ఇవాళ కూడా వాడుతున్నాను. ఒకే స్క్రీన్ మీద గంటల తరబడి పనిచేసే అకౌంట్స్ వాళ్లకి, గోడౌన్ స్టాకు చూసుకునే వాళ్లకి దానితోనే కడతాను. అది వాళ్లకి సుఖం. కానీ 2014లో నేను ఒక పెద్ద అప్లికేషన్ యాంగ్యులర్‌జేఎస్‌లో, అంటే రియాక్ట్ లాంటి పనికే వాడే ఇంకో జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో రాశాను. అప్పుడు ఎక్కడ చూసినా అదే పేరు. ఆ ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నపిల్లాడివి. కరెంటు లేదు, టవర్లు లేవు. కొన్ని రోజులకి సిగ్నల్ సన్నగా వచ్చినప్పుడు బొమ్మలు లేని సాదా పేజీలు ఎలాగో తెరుచుకున్నాయి. నా అప్లికేషన్ తెరుచుకోలేదు. ఆ రోజే నాకు అర్థం కావాల్సింది, ఇంకో ఐదేళ్లు పట్టింది. తర్వాత 2016లో యాంగ్యులర్ 2 వచ్చింది. పేరు అదే గానీ పాత కోడు అందులో నడవదు, తిరగ రాయాల్సిందే. క్లయింటు డబ్బు ఎందుకు పెట్టాలన్నాడు, ఆయన మాటా న్యాయమే. 2021 ఆఖరుతో పాత యాంగ్యులర్‌జేఎస్‌కి మద్దతు కూడా ఆపేశారు.

అదే 1991లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధన సంస్థలో పెట్టిన మొదటి వెబ్‌సైటు పేజీలు ఇవాళ నీ ఫోన్లో తెరిస్తే తెరుచుకుంటాయి, స్క్రీన్‌కి తగ్గట్టు సర్దుకుంటాయి కూడా. పాతదాన్ని పాడుచేయకూడదన్న పట్టింపు ఈ రంగంలో పై స్థాయిలో ఉన్నవాళ్లకి ఎంత ఉందో చెప్పడానికి ఒక సంగతి. 2018లో జావాస్క్రిప్ట్‌కి ఫ్లాటెన్ అనే కొత్త మెథడ్ (పిలిస్తే ఒక పని చేసిపెట్టే ఆదేశం) చేర్చబోయారు. ఫైర్‌ఫాక్స్ ట్రయల్ వెర్షన్‌లో పెట్టి చూస్తే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ వాడిన ఒక సైటు చెడిపోయింది. మూటూల్స్‌ని అప్పటికే కొత్తగా ఎవరూ పెద్దగా వాడట్లేదు. అయినా పాత సైట్లు ఆగిపోకూడదని మెథడ్ పేరునే ఫ్లాట్ అని మార్చారు. ఇవాళ వాడుకలో ఉన్నది ఆ పేరే. నీ సమయం ముందు ఇలాంటి చోట పెట్టు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ (పేజీ రూపం దిద్దేది), హెచ్‌టీటీపీ, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష), మామూలు జావాస్క్రిప్ట్. వీటి మీద పట్టు వచ్చాక రియాక్ట్ నేర్చుకోవడానికి ఒకటి రెండు నెలలు చాలు. ఉద్యోగ ప్రకటనల్లో దాన్నే అడుగుతారు కాబట్టి అదీ నేర్చుకో, తప్పదు. రియాక్ట్‌తో మొదలుపెట్టి కిందికి రావడం మాత్రం చాలా కష్టం. నా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లలో రియాక్ట్ బాగా రాసి, ఫారం సబ్మిట్ అయినప్పుడు బ్రౌజరు ఏం పంపుతుందో చెప్పలేకపోయినవాళ్లు ఎక్కువమంది.

మీ ఫ్రెండ్ చెప్పిన ఏఐ మాట. నేను రోజూ వాడతాను, టైము బాగా కలిసొస్తోంది. ఆ ఐసు ఫారం లాంటిది ఈ మధ్య అడిగి చూశాను. నిమిషంలో రాసేసింది, చూడటానికి నాకన్నా నీట్‌గా రాసింది. డబుల్ ఆర్డరు పడకుండా చూడమంటే, నొక్కగానే బటన్ పనిచేయకుండా ఆపే కోడు ఇచ్చింది. సిగ్నల్ పోయి, వెనక్కి నొక్కి అదే ఫారానికి తిరిగి వస్తే ఆ బటన్ మళ్లీ పనిచేయొచ్చు, రెండో ఆర్డరు పడొచ్చు. సర్వర్‌లో యూనిక్ నంబరు పెట్టమని నేను చెప్పాక చక్కగా పెట్టింది. అంటే చెప్పడానికి నాకు తెలిసి ఉండాలి. మూడు గడుల టైపింగ్ పని చేయడానికే ఒక మనిషిని పెట్టుకునే రోజులు తగ్గుతాయి, ఆ మాట దాచను. రాసిచ్చిన కోడు చదివి, ఇది ఫలానా చోట ఆగిపోతుంది అని చెప్పగలిగే మనిషి కావాలి. నేర్చుకునే మొదటి మూడు నెలలు మాత్రం ఏఐ చేత రాయించకు. తప్పు వచ్చినప్పుడు ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదివి, ఒక గంట దానితో కూర్చో. అప్పటికీ తేలకపోతే అప్పుడు అడుగు, ఎందుకొచ్చిందో అడుగు.

కోర్సు సంగతి. ఇంట్లో నాన్నగారు ఇప్పుడు డ్యూటీలో లేరని రాశావు. అందుకని గట్టిగానే చెబుతున్నా, అప్పు చేసి ఆ ఫీజు కట్టొద్దు. ఎస్‌క్యూఎల్ తప్ప పైన చెప్పినవన్నీ మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ చేసినవాళ్లు) వాళ్ల ఎండీఎన్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో చదవడం కష్టమనిపిస్తే నెమ్మదిగా చదువు, రోజుకి ఒక పేజీ చాలు. క్లాసులో కూర్చుంటేనే క్రమశిక్షణ వస్తుందనుకుంటే అది వేరే మాట, కానీ చేరే ముందు వాళ్ల పాత విద్యార్థులు ఇద్దరిని కలిసి, వాళ్లు సొంతంగా కట్టినదేమైనా చూపించమను. ఉద్యోగాలు హైదరాబాద్‌లో ఉన్నన్ని ఇక్కడ లేవు. మొదటి ఉద్యోగానికి అక్కడికి వెళ్లాల్సి రావచ్చు, అందుకు మనసు సిద్ధం చేసుకో.

ఇప్పటికి చేయాల్సింది ఒకటే. గాజువాకలో మీ ఇంటి దగ్గర ఏ వెల్డింగ్ షాపో, టైలరో, టిఫిన్ సెంటరో ఉంటుంది. నువ్వు మెకానికల్ వాడివి కాబట్టి వెల్డింగ్ షాపైతే ఇంకా మంచిది, ఆయన మాట నీకు తొందరగా అర్థమవుతుంది. రెండు రోజులు వెళ్లి కూర్చుని, ఆయన ఆర్డర్లు ఎలా రాసుకుంటున్నాడో చూడు. గేటుకి అడ్వాన్సు ఎక్కడ రాస్తాడు, కొలత ఎక్కడ రాస్తాడు, ఏది మర్చిపోతాడు. దానికొక పేజీ కట్టు, తెలుగులో. బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లి స్పీడు 3జీకి తగ్గించి తెరువు. జావాస్క్రిప్ట్ ఆపేసి తెరువు. తర్వాత ఆయన చేతికే ఫోనిచ్చి, పక్కన నిలబడి ఏమీ చెప్పకుండా చూడు. ఆయన ఎక్కడ ఆగాడో రాసుకో.

పేజీ అయ్యాక లింకు ఇక్కడే పెట్టు. నా దగ్గర 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోనొకటి ఉంది, టెస్టింగ్‌కి అదే వాడతాను. దాంట్లో తెరిచి, ఎక్కడ తడబడుతోందో రాసి పంపుతాను.